పక్క కుర్చీ లేని ఆఫీసు: ఇంటి నుంచి పనిచేసేవారికి కంప్యూటర్ చిట్కాలు, తోటివారితో దోస్తీ

పెద్దాపురం: సెలవు ముగిసిందంటే బ్యాగు సర్దుకుని సామర్లకోట స్టేషన్‌కు వెళ్లడం, గౌతమి ఎక్స్‌ప్రెస్ ఎక్కి తెల్లారేసరికి హైదరాబాద్‌లో దిగడం... పెద్దాపురం చుట్టుపక్కల చదువుకుని ఐటీ ఉద్యోగాల్లో చేరినవారికి ఇది బాగా అలవాటైన ప్రయాణం. 2020 మార్చి లాక్‌డౌన్‌తో ఈ లెక్క మారింది. ల్యాప్‌టాప్ ఇంటికే వచ్చింది. అదే ఏడాది నవంబరులో కేంద్ర టెలికాం శాఖ ఐటీ, బీపీఓ కంపెనీలకు నిబంధనలు సడలించడంతో ఇంటి నుంచి పని చేయించుకోవడం మరింత సులువైంది. ఇప్పుడు చాలా కంపెనీలు ఆఫీసుకు రమ్మంటున్నా, వారంలో కొన్ని రోజులైనా ఇంటి నుంచి పనిచేసేవారు తక్కువేం కాదు.

దీనివల్ల అద్దె మిగిలింది, ఇంటి భోజనం దొరికింది. కానీ ఒకటి మాత్రం పోయింది. అదే పక్క కుర్చీ.

పక్క కుర్చీ ఏం చేసేది?

ఆఫీసులో కంప్యూటర్ పని పుస్తకం చూసి నేర్చుకున్నవారు తక్కువ. ఎక్సెల్‌లో చిక్కుకుపోతే పక్కనున్నాయన తొంగిచూసి "అలా కాదు భాయ్, ఇది నొక్కు" అనేవాడు. పని అయిపోయేది, పరిచయం పెరిగేది. ఆ తర్వాత టీకి కూడా కలిసే వెళ్లేవారు. ఇంట్లో అయితే మనం చిక్కుకున్నట్టు ఎవరికీ కనబడదు. అడిగితే "ఇది కూడా రాదా" అనుకుంటారేమోనని కొత్తవారు గంటలకొద్దీ ఒంటరిగా కుస్తీ పడతారు. పని ఆలస్యమవుతుంది, మాట పడాల్సి వస్తుంది. చివరికి ఉద్యోగం మీదే నమ్మకం పోతుంది.

ఇది ఉత్త ఊహ కాదు. మైక్రోసాఫ్ట్‌లో అమెరికాలోని 61 వేల మందికి పైగా ఉద్యోగులపై 2020 తొలి ఆరు నెలల సమాచారంతో జరిగిన అధ్యయనం 2021లో వెలువడింది. అందరూ ఇంటి నుంచి పనిచేయడం మొదలయ్యాక ఉద్యోగులు తమ చిన్న గుంపులకే పరిమితమయ్యారని, వేరే విభాగాల వారితో కలిసి పనిచేసే సమయం తగ్గిందని అది తేల్చింది. అంటే దూరం వల్ల దోస్తీ దానంతటదే పెరగదు. కావాలని పెంచుకోవాలి. అందుకు అందరికన్నా తేలికైన సాకు కంప్యూటర్ చిట్కాయే.

రోజూ పనికొచ్చే చిట్కాలు

విండోస్ కంప్యూటర్ వాడేవారు ముందుగా ఇవి నేర్చుకుంటే చాలు.

- లేచి వెళ్లేటప్పుడు విండోస్ కీ, ఎల్ కలిపి నొక్కితే స్క్రీన్‌కు తాళం పడుతుంది. ఇంట్లో చిన్నపిల్లలుంటే ఇది తప్పనిసరి.
- విండోస్ కీ, వి నొక్కితే ఇంతకుముందు కాపీ చేసినవన్నీ వరుసగా కనబడతాయి. మొదటిసారి మాత్రం దాన్ని ఆన్ చేసుకోవాలి.
- విండోస్ కీ, షిఫ్ట్, ఎస్ నొక్కితే స్క్రీన్‌లో కావాల్సిన భాగాన్నే ఫొటో తీసుకోవచ్చు.
- బ్రౌజర్‌లో పొరపాటున ట్యాబ్ మూసేస్తే కంట్రోల్, షిఫ్ట్, టి. మూసింది మళ్లీ తెరుచుకుంటుంది.
- మీటింగ్‌లో ఉండగా ఇంట్లో కుక్కర్ కూత వేస్తే మైకు ఆపడానికి టీమ్స్‌లో కంట్రోల్, షిఫ్ట్, ఎం. గూగుల్ మీట్‌లో కంట్రోల్, డి. జూమ్‌లో ఆల్ట్, ఎ.

కరెంటు పోతే పని పోకుండా ఫైళ్లను కంపెనీ ఇచ్చిన వన్‌డ్రైవ్ లేదా గూగుల్ డ్రైవ్‌లోనే ఉంచాలి. రూటర్‌కు ఒక చిన్న యూపీఎస్ పెట్టుకుంటే మీటింగ్ మధ్యలో తెగిపోదు.

అడగడానికీ ఒక పద్ధతి

"హాయ్" అని పంపి జవాబు కోసం కూర్చోవద్దు. ఏం చేస్తున్నారు, ఏం తప్పు వచ్చింది, అప్పటికే ఏం ప్రయత్నించారు అనే మూడు సంగతులూ ఒకే మెసేజ్‌లో రాసి, స్క్రీన్ ఫొటో జతచేయాలి. ఫొటోలో కస్టమర్ల వివరాలు, పాస్‌వర్డులు లేకుండా చూసుకోవాలి. పావుగంట సొంతంగా ప్రయత్నించి, తర్వాత మొహమాటం లేకుండా టీమ్ గ్రూపులోనే అడగడం మేలు. ఒకరికి చెప్పిన జవాబు పదిమందికి ఉపయోగపడుతుంది.

వారానికి పావుగంట

టీమ్ అంతా వారానికి ఒకసారి పావుగంట కలవాలి. ఒక్కొక్కరు వంతులవారీగా ఒక్క చిట్కా స్క్రీన్ మీద చేసి చూపించాలి. మొదటి వంతు సీనియర్‌ది. ఆయన తను చేసిన పొరపాటుతోనే మొదలుపెడితే కొత్తవారి భయం సగం తీరిపోతుంది. కెమెరా పెట్టాల్సిందేనని పట్టుబట్టొద్దు. ఇంట్లో అందరికీ విడిగా గది ఉండదు. తెలుగులోనో ఉర్దూలోనో, ఎవరికి వచ్చిన భాషలో వాళ్లు చెప్పొచ్చు. మీటింగ్ చివర్లో పని మాట కాకుండా ఐదు నిమిషాలు కబుర్లకు వదిలేయాలి.

ఒకరి వేళలు ఒకరికి తెలియాలి

అవుట్‌లుక్, గూగుల్ క్యాలెండర్ రెండింటిలోనూ పనివేళలు పెట్టుకునే వీలుంది. శుక్రవారం జుమా నమాజు సమయం, రంజాన్‌లో ఇఫ్తార్ వేళ అందులో ముందే గుర్తుపెడితే ఎవరూ ఆ టైముకి మీటింగ్ పెట్టరు. సంక్రాంతికైనా, ఆషాఢంలో పెద్దాపురం మరిడమ్మ జాతరకైనా ఇదే పద్ధతి. రంజాన్ నెలలో సాయంత్రం కాల్‌ను ఒక సహోద్యోగి తీసుకుంటే, జాతర రోజున ఆయన పని ఇవతలివారు చూసుకోవచ్చు. వంద ఆన్‌లైన్ ఆటలు ఆడించినా ఇంత దగ్గరితనం రాదు.

ఒక జాగ్రత్త

సాయం పేరుతో మోసాలూ జరుగుతున్నాయి. "ఐటీ విభాగం నుంచి ఫోన్ చేస్తున్నాం, ఈ యాప్ వేసుకోండి" అని తెలియనివారు అడిగితే కంప్యూటర్ వారి చేతికి ఇవ్వకూడదు. ఫోన్ పెట్టేసి, కంపెనీ ఇచ్చిన నంబరుకు మీరే చేసి కనుక్కోవాలి. డబ్బు పోయినట్టయితే వెంటనే 1930కు ఫోన్ చేయాలి.

ఇలాంటి ఫోన్ వచ్చినప్పుడు "ఇది నిజమేనా?" అని అడగడానికి టీమ్‌లో ఒక్క మనిషైనా ఉండాలి. ఆఫీసులో ఆ మనిషి పక్క కుర్చీలోనే ఉండేవాడు. ఇంట్లో పనిచేసేవారు ఈ వారమే ఒకరికి ఫోన్ చేసి, తెలిసిన చిట్కా ఒకటి చెప్పి, తెలియనిది ఒకటి అడిగితే అక్కడితో మొదలవుతుంది.