మజూరీ కోయుటకు ముందు మగ్గమును కొలువవలెను



ఆర్డరు కాగితమున "అంగుళమునకు పేక 52 పోగులు, హెచ్చుతగ్గు 4" అని యుండుననుకొందము. అనగా 48కి తగ్గరాదు, 56కి మించరాదు. నేసిన తాను సంఘమునకు వచ్చును. అద్దము పెట్టి లెక్కింపగా ఒకచోట 47 పోగులే తేలును. తాను రెండవ రకమని వ్రాయుదురు. మజూరీలో కోత పడును. ఇది నేతగాని అశ్రద్ధయా? లేక ఆ నూలుతో, ఆ గంజితో, ఆ మగ్గము మీద 48కిని 56కిని నడుమ నిలుచుట ఎవరికైనను అసాధ్యమా? ఈ ప్రశ్న వేయకయే కోత విధించుట న్యాయము కాదు. దీనికి జవాబు చెప్పు లెక్క యొకటి కలదు. కూడిక, తీసివేత, భాగహారము వచ్చిన చాలును.

తిరుత్తణి, పళ్ళిపట్టు ప్రాంతములు 1960 ఏప్రిల్ 1వ తేదీన చిత్తూరు జిల్లా నుండి మద్రాసు రాష్ట్రమున చేరినవి. మన యిండ్లలో మగ్గము మాట తెలుగే. ఆర్డరు కాగితము మాత్రము తమిళమునో ఆంగ్లమునో యుండును. కావున ఈ విషయమును తెలుగున విడమరచి చెప్పుట అవసరమని తోచినది.

ఈ లెక్కకు పునాది వేసినవారు అమెరికా దేశపు వాల్టర్ షూహార్టు. టెలిఫోను సామగ్రి తయారీలో నాణ్యతను కాపాడుటకై 1924లో వారు ఒక పటమును రూపొందించిరి. 1931లో కలకత్తాలో ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూటును స్థాపించిన మహలనోబిస్ గారి ఆహ్వానముపై 1947-48లో వారు మన దేశమునకు వచ్చిరి. ఆంధ్ర విశ్వవిద్యాలయమున చదివిన మన తెలుగువారు సి. ఆర్. రావు గారు (1920–2023) పిమ్మట ఆ సంస్థకు డైరెక్టరైరి.

షూహార్టు చెప్పిన మూలసూత్రము మన పెద్దలకు చేతి అనుభవము వలన తెలిసినదే. ఏ రెండు అంగుళములును ఒక్కలాగున ఉండవు. నూలులోని సన్నదొడ్డులు, పలక దెబ్బ, పడుగు బిగువు, ఇవన్నియు కలిసి నిత్యము కొంత తేడా తెచ్చుచునే యుండును. ఇది సహజమైన తేడా. నూలు మూట మారుట, గంజి చెడుట, మగ్గము మీదికి వేరొకరు ఎక్కుట, ఇట్టివి తెచ్చు తేడా ప్రత్యేకమైనది. మొదటి దానిని మగ్గము యొక్క స్వభావమనవచ్చును. రెండవ దానికి కారణము వెదకి సరిదిద్దవలెను.

కొలుచు విధము ఇది. ఒకే మగ్గమున, ఒకే రకము గుడ్డలో వరుసగా 20 తానులు తీసికొనుడు. ఒక్కొక్క తానులో, కొనలు విడిచి, ఎడమెడముగా ఐదు చోట్ల పేక లెక్కింపుడు. గుడ్డను బల్లపై సాగదీయక పరువవలెను. ఉతికిన గుడ్డను ఉతకని గుడ్డతో కలుపరాదు. ఒకేచోటును ఇద్దరు విడివిడిగా లెక్కింపుడు. వారికే రెండు పోగుల తేడా వచ్చుచున్నచో ముందు లెక్కించుటను సరిచేసికొనవలెను. ప్రతి తానుకు ఎవరు నేసినదియు, ఏ మూట నూలో కూడ వ్రాయుడు. రెండిండ్ల మగ్గములను ఒకే లెక్కలో కలుపరాదు.

ఉదాహరణకు, 100 లెక్కల మొత్తము 5,000 వచ్చినదనుకొందము. సగటు 50. ఇక ప్రతి తానులోను ఐదింటిలో హెచ్చు సంఖ్యనుండి తక్కువ సంఖ్యను తీసివేయుడు. ఈ తేడాలు 20 తానులకు కూడగా 94 అనుకొందము. సగటు తేడా 4.7.

ముందుగా మగ్గము నిలకడగా నడచినదా యని చూడవలెను. ఐదేసి కొలతలకు పట్టికలో ఇచ్చు సంఖ్య 0.577. దానిచే 4.7ను హెచ్చవేయగా 2.7 వచ్చును. ఏ తాను సగటైనను 50 నుండి 2.7కు మించి తొలగినచో, అనగా 47.3కు తగ్గినను 52.7కు హెచ్చినను, ఆ తానుకు ప్రత్యేక కారణమేదో కలదని గ్రహింపవలెను. అట్లే ఒక తానులోని తేడా 9.9కి మించరాదు. నిలకడ లేని మగ్గమునకు సామర్థ్యము లెక్కగట్టుట వ్యర్థము. ముందు ఆ కారణము తొలగింపవలెను.

నిలకడ కలదని తేలినచో, సగటు తేడా 4.7ను 2.326చే భాగింపుడు. ఇదియు ఐదేసి కొలతలకు పట్టికలోని సంఖ్యయే. సుమారు 2 వచ్చును. దీనిని గణకులు సిగ్మా యందురు. దీనికి ఆరు రెట్లు 12. సాధారణముగా ఆ మగ్గపు గుడ్డలో వెయ్యి చోట్ల లెక్కించిన 997 చోట్ల పేక ఈ 12 పోగుల వెడల్పులోనే యుండును. ఇది మగ్గము అడుగు చోటు. ఆర్డరు ఇచ్చిన చోటు 48 నుండి 56 వరకు, 8 పోగులే. ఎనిమిదిని పండ్రెండుచే భాగింప 0.67. ఈ సంఖ్యయే సామర్థ్యము. అది 1 అయినచో గుడ్డ ఆర్డరులో సరిగా ఇముడును, కాని జారుటకు చోటుండదు. 1.33 ఉన్న ధైర్యముగా ఒప్పుకొనవచ్చునని వాడుక. 0.67 చాలదు.

ఇంకొక సంగతి. ఆర్డరు నడిమి సంఖ్య 52. మన సగటు 50. నడిమి తప్పినందున 48కి దిగువకు జారునవి నూటికి సుమారు 16 చోట్లు. పలక దెబ్బను, పడుగు బిగువును సరిచేసి సగటును 52కు తెచ్చినచో, ఇరుప్రక్కల కలిపి హద్దు దాటునవి నూటికి నాలుగైదు మాత్రమే. ఈ మేలు నేతగాని చేతిలో నున్నది. దానిని నేతగాడు తప్పక చేయవలెను.

కాని మిగిలిన ఆ నాలుగైదు నేతగాని చేతిలోనివి కావు. అవి పోవలెనన్న సిగ్మా 2 నుండి 1కి దిగవలెను. అప్పుడు ఆరు రెట్లు 6, సామర్థ్యము 1.33. దానికి సమమైన నూలు కావలెను, ఒకే తీరు గంజి కావలెను, కదలని మగ్గపు గుంజలు కావలెను, గట్టిగా చుట్టిన కండెలు కావలెను. వీనిలో నూలు కొని యిచ్చునది సంఘము. మగ్గము మరమ్మతుకు సాయపడవలసినదియు సంఘమే. నేతగానిని కోపపడినందున నూలు సమము కాదు.

మరమగ్గమున గుడ్డను చుట్టు పండ్లచక్రమే పేకను నిర్ణయించును. గుంట మగ్గమున మనిషి చేయి నిర్ణయించును. మరమగ్గపు గుడ్డను చూచి వ్రాసిన హద్దులను చేమగ్గమునకు తగిలించిన ఆర్డరు మొదటి దినముననే నష్టపు ఆర్డరగును.

కావున మన పాలకవర్గము ఆలోచింపవలసినవి మూడు. ప్రతి మగ్గపు సామర్థ్యమును సభ్యుని పుస్తకమున వ్రాయవలెను. ఆర్డరు ఒప్పుకొనుటకు ముందే దాని హద్దులను ఆ సంఖ్యతో సరిచూచి, చాలనిచో హద్దు వెడల్పు చేయుమని కొనువారిని అడుగవలెను. అయినను ఒప్పుకొన్నచో, నడిమి తప్పని మగ్గమున జారిన తానుల నష్టమును సంఘమే భరింపవలెను. నేతగాని మజూరీని ముట్టరాదు.

సభ్యులు తమ తానుల లెక్కలను పలకమీదనో కాగితముమీదనో వ్రాసి తెచ్చినచో కార్యాలయమున కూర్చుండి కలిసి చూచుకొందము. ఇండ్లలో చదువుకొను పిల్లలున్నారు. ఈ కూడికలు వారిచేత చేయింపుడు. మన మగ్గమేమి చేయగలదో మనకు ముందుగా తెలిసియున్నచో, కోత మాట వచ్చిననాడు చేతిలో లెక్క యుండును.