మార్కర్ ఆధారిత ఎంపిక

కొత్త వరి, పల్లి రకాల వార్తల్లో తరచూ కనబడే మాట ఇది. కావలసిన జన్యువు మొక్కలో ఉందో లేదో దాని పక్కనుండే డీఎన్‌ఏ గుర్తును బట్టి తేల్చి, ఆ మొక్కలనే తర్వాతి సంకరానికి ఎంచుకోవడం. ఆ గుర్తే మార్కర్.

మన దగ్గర పేరున్న ఉదాహరణ సాంబ మసూరి, అదే బీపీటీ 5204. తినడానికి బాగుంటుంది గానీ ఎండాకు తెగులుకు లొంగిపోతుంది. ఆకు కొన నుంచి అంచుల వెంబడి గడ్డి రంగుకు తిరిగి ఎండుతుంది. హైదరాబాద్‌లోని కణ, అణు జీవశాస్త్ర కేంద్రం (సీసీఎంబీ), వరి పరిశోధన సంస్థ కలిసి ఎక్స్ఏ21, ఎక్స్ఏ13, ఎక్స్ఏ5 అనే మూడు నిరోధక జన్యువులను దానిలోకి తెచ్చాయి. మెరుగుపరచిన సాంబ మసూరి 2008లో విడుదలైంది. వీటిలో చివరి రెండూ ఒక్క ప్రతే ఉంటే బయటపడవు, తెగులు ఎక్కించి చూసినా తెలియదు. చిన్న ఆకు ముక్క నుంచి డీఎన్‌ఏ తీసి పరీక్షిస్తే నారు దశలోనే తేలిపోతుంది.

ఇది జన్యుమార్పిడి కాదు. 2025లో ప్రకటించిన కమల వరిలాంటి జన్యు సవరణా కాదు. పుప్పొడితో చేసే మామూలు సంకరమే, ఎంపిక మాత్రం ల్యాబులో.

పల్లిలో నూనె ఎక్కువకాలం నిలవుండే గిర్నార్ 4, 5 రకాలూ ఈ పద్ధతిలో వచ్చినవే. బంగాళదుంపలో వేళ్లను పట్టే సిస్టు నులిపురుగును తట్టుకునే హెచ్1 జన్యువునూ ఇలాగే వెతుకుతారు.

ఏ జన్యువును ఎంచితే దాని పనే జరుగుతుంది. ఎండాకు తెగులును ఆపే ఆ మూడు జన్యువులు దోమపోటును ఆపవు.