ఎర్రబారిన గోపురం

పాత పెట్టెలోంచి స్లైడ్ తీసి వెలుతురుకి పెడితే... ఆకాశం గులాబీ రంగు, చెట్లు మట్టిరంగు, గోపురం ఎరుపు! శ్రీకాళహస్తిలో ఎప్పుడో తీసిన స్లైడ్ ఇలా కనిపిస్తే మాత్రం పారేయకండి. 1516లో శ్రీకృష్ణదేవరాయలు కట్టించిన అక్కడి ఏడంతస్తుల రాజగోపురం 2010 మే 26న కుప్పకూలింది. అదే చోట కొత్తది 2017లో సిద్ధమైంది. పాతదాన్ని చూడాలంటే ఇక ఫొటోలే దిక్కు.

ఇంతకీ స్లైడ్ ఎందుకు ఎర్రబారుతుంది? అందులో సయాన్, మెజెంటా, పసుపు... మూడు రంగుల పొరలుంటాయి. సయాన్ అంటే నీలాకుపచ్చ. ఎరుపు కాంతిని అడ్డుకునేది అదే. పాత ఫిల్ముల్లో చాలావాటికి చీకట్లో దాచినా ముందుగా సయానే వెలిసిపోతుంది. దాంతో ఎరుపు ఎక్కువగా బయటికొస్తుంది. వేడీ, తేమా తోడైతే ఇది మరింత త్వరగా జరుగుతుంది. కోడాక్రోమ్ స్లైడ్లు చీకట్లో బాగానే నిలుస్తాయి కానీ, ప్రొజెక్టర్ వెలుగుకు త్వరగా వెలుస్తాయి.

బాగు చేసే పని స్కానర్ దగ్గరే మొదలవుతుంది. ముందు బ్లోయర్‌తో దుమ్ము వదిలించాలి. రంగుకు 16 బిట్ల చొప్పున స్కాన్ చేస్తే తర్వాత ఎంత సవరించినా రంగులు చారలుగా విడిపోవు. ఎరుపు, ఆకుపచ్చ, నీలం... మూడు చానెళ్లనూ ఒకేసారి కాకుండా విడివిడిగా సరిచేయాలి. సయాన్ వెలిసిన స్లైడ్‌లో నీడలు కూడా ఎర్రగానే ఉంటాయి. ఎరుపు చానెల్లో వాటిని మళ్లీ నల్లగా మార్చాలి. ఆ తర్వాత ఫొటోలో తెల్ల పంచెనో, సున్నం కొట్టిన గోడనో, బూడిదరంగు రాతినో ఆధారంగా పెట్టుకుని మిగతా రంగులు కుదర్చాలి. స్కానర్ సాఫ్ట్‌వేర్లలో ఒక్క నొక్కుతో ఈ పని చేసిపెట్టే సదుపాయాలూ ఉన్నాయి. కానీ సాయంత్రపు ఎండలోని సహజమైన ఎరుపును కూడా అవి తుడిచేసే ప్రమాదముంది.

అసలు చిక్కు వేరే ఉంది. పల్చబడిన రంగును పెంచి చూపించొచ్చు. పూర్తిగా పోయిన రంగును మాత్రం ఊహించడమే! నిలబడి ఉన్న గుడి అయితే వెళ్లి పోల్చి చూసుకోవచ్చు. కూలిన గోపురాన్ని దేనితో పోలుస్తాం? అందుకే సవరించని స్కాన్‌ను ఒక ఫైలుగా, సవరించినదాన్ని మరో ఫైలుగా దాచాలి. ఎక్కడ, ఏ ఏడు తీశారో రాసిపెట్టాలి. అసలు స్లైడ్‌ను చల్లగా, పొడిగా ఉండే చోట భద్రపరచాలి. రేపు ఇంతకంటే మంచి స్కానర్ వచ్చినా, మళ్లీ మొదలుపెట్టాల్సింది ఆ చిన్న ఫిల్ము ముక్కతోనే!