మాతంగి పీఠము: అమ్మవారి మతమున స్త్రీల పౌరోహిత్యము

తుమకూరు జిల్లాలోని పావగడ తాలూకా పరిపాలనలో కర్ణాటకమునకు చెందినదైనను, దానిని మూడు దిక్కుల ఆంధ్రభూమియే చుట్టియున్నది. ఆ తాలూకాలోనిదే వై.ఎన్.హొసకోట. హొసకోట యనగా క్రొత్తకోట. దాని ముందున్న రెండు పొడి యక్షరములు యల్లప్పనాయకుడను పాళెగానివి. ఆ పాళెగాని పేరో, అమ్మవారిది. యల్లప్ప యనునది యల్లమ్మ నుండి ఏర్పడిన పురుషనామము. అమ్మకు మ్రొక్కుకొని కనిన బిడ్డ మగవాడైన యల్లప్ప, ఆడుదైన యల్లమ్మ. కత్తి పట్టిన దొరకు సయితము పేరు పెట్టుటకు దేవతనే ఆశ్రయింపవలసిన సీమలో ఆ దేవతకు పూజారి ఎవరు? ఆ పూజారికి దక్కిన అధికారమెంత? ఈ వ్యాసమున విచారింపదలచినది ఇదియే.

ఈ ప్రశ్న పుట్టుటకు ఒక చిత్రమైన కారణము కలదు. అమెరికాలో 1974లో వెలువడిన ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ అను పాత్రధారణ క్రీడ నేడు మన పిల్లలకును పరిచితమే. అందు భూగర్భమున వసించు డ్రౌ అను కల్పిత జాతి యొకటి యున్నది. వారి దేవత లోల్త్ అను సాలెపురుగు. ఆమె పూజారిణులే వంశములకు అధిపతులు. పురుషులు వారికి లోబడి బ్రతుకుదురు. పూజారిణి ఆజ్ఞయే ధర్మము. ఇట్టి స్త్రీస్వామ్యము మానవచరిత్రలో ఆదిదశయని బాఖోఫెన్ అను స్విస్ పండితుడు 1861లో వాదించెను గాని, నేటి శాస్త్రజ్ఞులు ఆ సిద్ధాంతమును అంగీకరించుట లేదు. అయినను పిల్లలు అడుగుదురు: అమ్మయే దేవుడు, ఆడుదియే పూజారి యగు మతము ఎక్కడనైన కలదా? కలదు. మన ఊరి పొలిమేరలోనే కలదు. కాని కల్పితకథలో వలె అది సరళమైనది కాదు.

మన గ్రామదేవతలలో ముఖ్యలక్షణము వారికి భర్త లేకుండుటయే. మారెమ్మ, గంగమ్మ, పోలేరమ్మ, యల్లమ్మ, అంకమ్మ, వీరందరును అక్కచెల్లెండ్రు. మగదిక్కు కావలసినచోట భర్త రాడు. తమ్ముడు పోతురాజు వచ్చును. అతడును గుడిలోపల గాక గుడియెదుట రాయి రూపున నిలిచి కావలి కాయును. మశూచికము, కలరా, అనావృష్టి, పశువుల జాడ్యము, వీటన్నింటిపై అమ్మదే అధికారము. రోగము తెచ్చునది ఆమెయే, తీసికొనిపోవునది ఆమెయే. కనుకనే మశూచికమునకు మనవారు ‘అమ్మవారు’ అని పేరిడిరి. శనీశ్వరుని సన్నిధికి పేరొందిన పావగడ పట్టణమున కూడ శీతలాంబ కొలువై యున్నది. కడుపు చలువ, కన్ను చలువ కోరు మెట్టసీమకు అది తగిన పేరే. 

ఈ మతమున నిత్యార్చన పెక్కుచోట్ల కుమ్మరివారిదో, చాకలివారిదో. అందు పురుషులే ఎక్కువ. కాని అమ్మ నిజముగా ఒడలు ధరించి ఊరిలో నడువవలసిన దినమున మాత్రము స్త్రీ కావలెను. ఆ స్త్రీయే మాతంగి.

మాతంగి పుట్టుకను రేణుకకథతో ముడిపెట్టుదురు. జమదగ్ని యాజ్ఞచే పరశురాముడు తల్లిని నరుకవచ్చినపుడు ఆమె మాదిగవాడకు పరువెత్తినదట. అడ్డువచ్చి కౌగిలించుకొనిన మాదిగస్త్రీ తల కూడ ఆమె తలతోపాటు తెగిపడెను. మరల బ్రతికించునపుడు తలలు మారిపోయెను. ఏ తల ఏ మొండెమునకు చేరినదను విషయమున సీమకొక కథ చెప్పుదురు గాని, సారాంశ మొకటే: పూజింపబడు దేవతలో సగము ఊరివెలుపలి స్త్రీయే. ఈ కథ నిన్న మొన్నటిది కాదు. పదునైదవ శతాబ్దినాటి క్రీడాభిరామమున ఓరుగంటి ఏకవీరాదేవి యెదుట బవనీలు పరశురాముని కథలు పాడిన ముచ్చట వర్ణింపబడియున్నది. నేటికిని జమిడిక వాయించుచు యల్లమ్మకథ చెప్పు బైనీండ్లు వారి సంతతియే యని పండితుల తలంపు.

మాతంగిని గూర్చి వ్రాతలో మనకు దొరకు వర్ణనలు క్రైస్తవ మిషనరీలవి, దొరతనపు ఉద్యోగులవి. ఒంగోలు ప్రాంతమును గూర్చి ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ 1899లోను, దక్షిణదేశపు కులములను గూర్చి ఎడ్గర్ థర్‌స్టన్ 1909లోను, నెల్లూరుసీమను గూర్చి ఎల్మోర్ 1915లోను వ్రాసిరి. వారి దృష్టిలో ఈర్ష్యయో జుగుప్సయో కొంత యున్నను, చూచినది చూచినట్లు వ్రాసినచోట వారిని నమ్మవచ్చును. వారి కథనముల ప్రకారము మాతంగి పెండ్లి కాని మాదిగస్త్రీ. ఈ పదవి తల్లి నుండి కూతురికి తనంతట సంక్రమించునది కాదు. ఒక మాతంగి గతించిన పిమ్మట కన్యలను అమ్మ గుడియొద్ద చేర్చి, జమిడిక మ్రోగించి, యల్లమ్మకథ పాడుదురు. ఎవరిపై అమ్మ పూనునో ఆ బాలయే మాతంగి. ఆపై ఆమె జీవితాంతము ఆ పదవిలో నుండును.

జాతరనాడు ఆమె ముఖమున పసుపు పూసికొని, చేట, గంప, వేపమండలు, బెత్తము ధరించి ఊరిలోనికి వచ్చును. కల్లు త్రాగి చిందులు త్రొక్కుచు, ఎదుటపడిన వారిపై ఉమియును, బెత్తముతో తాకును, కులపు పెద్దలను పేరు పేరున తిట్టుచు పాడును. రెడ్డి యనక, కోమటి యనక, బ్రాహ్మణుడనక అందరిని నిలిపి తన ఎంగిలితో ‘పవిత్రులను’ చేయును. ఏడాదిలో తక్కిన దినములందు ఆమె నీడ సోకినను స్నానము చేయువారు ఆనాడు ఆమె ఉమ్మిని కోరి పైబడించుకొందురు; ఆమె తమ గడప త్రొక్కకున్న కీడని భయపడుదురు. చీర, దక్షిణ ఇచ్చి సాగనంపుదురు. అంటు అను భావమునే ఇంతగా తలక్రిందులు చేసిన కర్మకాండ మన దేశమున మరియొకటి అరుదు.

కాని జాతర ముగిసిన మరునాడు? మాతంగి మరల వాడకే పోవలెను. బావివద్ద ఆమెకు మునుపటి చోటే. ఇచ్చటనే కల్పిత పూజారిణికిని మన మాతంగికిని గల భేదము కనబడుచున్నది. డ్రౌ పూజారిణి తన దేవత బలమును తన బలముగా చేసికొనును. మాతంగికి అట్టి వీలు లేదు. అధికారము అమ్మది, దేహము మాతంగిది, ఒక్క దినమే ఆ రెంటికిని పొత్తు. ఇది తిరుగుబాటా, లేక తిరుగుబాటును ఒక దినమునకు కట్టడిచేయు ఉపాయమా యని పండితులు వాదులాడుదురు. మాతంగి తిట్లను విని తలవంచిన పెద్దలకు ఆ యవమానము నిజముగానే తాకినదని నా యభిప్రాయము. అయినను దానివలన ఆమె బావి మారలేదు.

ఇదే సీమకు చెందిన మరియొక సంప్రదాయము బసివి. బళ్ళారి, అనంతపురము ప్రాంతములందు మగసంతతి లేని తల్లిదండ్రులు ఒక కూతురిని దేవతకు విడుచుచుండిరి. ఆమెకు పెండ్లి లేదు, తండ్రియింటనే యుండును. కొడుకు వలె ఆస్తికి హక్కుదారు. తల్లిదండ్రులకు కర్మ చేయుటకును అర్హురాలు. ఆమె బిడ్డలు ఆమె యింటిపేరునే ధరింతురు. ఫాసెట్ అను పోలీసు అధికారి 1890 ప్రాంతమున బసివులను గూర్చి వ్రాసిన వ్యాసమునకు పెట్టిన శీర్షికలోనే, దేవతార్పణముచే పురుషాధికారములు పొందు స్త్రీలని పేర్కొనెను. లూసిండా రాంబెర్గ్ ఉత్తర కర్ణాటకపు యల్లమ్మ భక్తురాండ్రను గూర్చి 2014లో ప్రకటించిన గ్రంథమున కూడ, కూతురు కొడుకగుట యను ఈ యంశమునే ప్రధానముగా చర్చించెను. మాటలలో ఇది మాతృస్వామ్యమునకు అతి సమీపమున నున్నట్లు తోచును. కాని ఆ బాలను ఎవరును అడిగి విడువలేదు. హక్కు పేరు కొడుకుది; బరువు మాత్రము ఆమె దేహముపై పడెను. ఊరి మగవారి కామమునకు ఆమె గురియైన సంగతిని అమ్మ పేరుతో కప్పిపుచ్చుట తగదు.

కర్ణాటక ప్రభుత్వము 1982లోను, ఆంధ్రప్రదేశ ప్రభుత్వము 1988లోను చేసిన శాసనములు స్త్రీలను దేవతలకు విడుచుటను నేరముగా ప్రకటించినవి. ఆంధ్ర శాసనమున బసివి, జోగిని, మాతమ్మ అను వాడుక పేర్లు సయితము చేర్చబడినవి. సరిహద్దు దాటి ఆవలియూరి గుడిలో తంతు జరిపినను తప్పించుకొను మార్గము లేకుండ, పావగడకును మడకశిరకును నేడు ఈ విషయమున ధర్మమొకటే. అయినను శాసనములు వచ్చిన పిదప కూడ చిత్తూరు ప్రాంతమున బాలికలను మాతమ్మకు విడుచుచున్నారని ఫిర్యాదులు వెలువడుట విచారకరము.

తిరుపతి గంగమ్మ జాతర ఇంకొక తీరున నడచుచున్నది. ఆడువారిని చెరచు పాళెగాని సంహరించుటకు గంగమ్మ వేషములు మార్చుచు వెదకినదని కథ. దొరవేషమున వానిని చంపి, పిదప మాతంగి వేషమున వాని యింటికి పోయి విధవరాలైన భార్యను ఓదార్చినదట. ఈ వేషములు ధరించువారు కైకాల కులపు పురుషులు. తక్కిన పురుషులును మ్రొక్కుబడిగా చీరలు కట్టి, జడలు వేసికొని అమ్మ యెదుటికి వత్తురు. మాతంగి కావలెనన్న మగవాడైనను ఆడుది కావలసినదే!

సికింద్రాబాదు ఉజ్జయినీ మహంకాళి ఆలయమున ఆషాఢ బోనాల మరునాడు జరుగు ‘రంగము’లో అవివాహిత యగు స్త్రీ పచ్చికుండపై నిలిచి భవిష్యము చెప్పును. వానలు, పంటలు, రోగములు ఆమె చెప్పు విషయములు. నన్ను మరచితిరి, నా పూజలో లోపము చేసితిరి అని అధికారులను నిలదీయుటయు కలదు. మంత్రులు చేతులు జోడించి విందురు. ఆమెకు ముందునాడు ఇంటింటి నుండియు స్త్రీలు తలపై బోనమెత్తుకొని గుడికి నడచిరి. బోనమనగా భోజనమే. క్రొత్తకుండలో వండిన అన్నము, పైన వేపాకు, దానిపై దీపము. దానిని వండినది ఇల్లాలు, మోసినది ఇల్లాలు, అమ్మకు ముట్టజెప్పినదియు ఇల్లాలే. ఆ కొలువునకు ఆమెను ఎవరును విడువలేదు, ఎవరును ఎన్నుకొనలేదు.