“వెలూర్” శబ్దవిచారము

నూగుగల యొకవిధమగు మెత్తని వస్త్రమునకు ఆంగ్లమున “వెలూర్” అని పేరు. ఇది ఫ్రెంచిభాషనుండి వచ్చిన శబ్దము. ధ్వనిసామ్యమే కాని రాయవేలూరితో దీనికి సంబంధము లేదు.

ప్రాచీన ఫ్రెంచిలో దీని రూపము “వెలూస్”. దానికి మూలము లాటినులోని “విల్లోసుస్”. “విల్లుస్” అనగా గుబురైన రోమము. “విల్లోసుస్” అనగా రోమశము. ఆంగ్లమున “వెల్వెట్” అను పదమును ఈ “విల్లుస్” నుండి పుట్టినదే.

మూలమున లేని రేఫము ఈ పదమున నెట్లు చేరెను? ఒకప్పుడు ఫ్రెంచిలో పదాంతమందలి రకార సకారములు పెక్కుచోట్ల ఉచ్చారణమున లోపించెను. ఏ పదమున నేయక్షరముండెనో వినికిడిచే తెలియకపోవుటవలన, రేఫాంతముల పోలికచే దీనికిని రేఫము చేర్చిరి. నేడు ఫ్రెంచివారు ఆ రేఫమును పలుకుదురు. తుది సకారమును వ్రాయుదురే కాని పలుకరు.

మఱియొక విశేషము. ఫ్రెంచిలో పదములను కలిపి పలుకునపుడు నడుమ అకారణముగ, మన దంత్యజకారమును బోలు ధ్వనిని చేర్చు దోషమునకును ఇదే పేరు. తకారమును చేర్చు దోషమునకు “తోలు” అను నర్థముగల పదము పేరు. తనలో అకారణముగ నొక వర్ణమును చేర్చుకొన్న శబ్దమే వర్ణాగమదోషమునకు సంజ్ఞ యగుట వింత.

తెలుగున వాడుకలోనున్న “ముఖమలు” పారసీకముద్వారా వచ్చిన అరబ్బీపదము. అందలి ధాతువునకును నూగు అనియే యర్థము. సంస్కృత ముఖశబ్దముతో దానికి పొత్తు లేదు. “వెలూర్”, “ముఖమలు” నూగునుబట్టియే యేర్పడిన పేర్లయ్యు, జ్ఞాతులు కావు. కావున అర్థసామ్యముగాని ధ్వనిసామ్యముగాని యొంటిగ వ్యుత్పత్తికి ప్రమాణము కానేరదు. పూర్వరూపములను వరుసగ పరిశీలింపవలయును.