మీకు తెలుసా? – ఇంజనును కాచు జింకు బిళ్ళ

మోటారుపడవ వెనుక తగిలించిన ఇంజనులో, నిరంతరము ఉప్పునీట మునిగియుండు భాగమున, పంకాకు చేరువగా, రంగు పూయక విడిచిన చిన్న జింకు బిళ్ళ యొకటి కానవచ్చును. ఇంజను నడకకు అది లేశమైనను తోడ్పడదు, తాను క్షయించుటయే దాని ఏకైక కర్తవ్యము. సముద్రజలము విద్యుద్వాహకమగుటచే, అందు పరస్పరసంపర్కము గల భిన్నలోహములలో చురుకైనది ఎలక్ట్రానులను కోల్పోయి కరగును, రెండవది సురక్షితమై నిలుచును; కనుకనే అల్యూమినియపు కవచమునకు మారుగా జింకు క్షీణించుచున్నది. ఈ తత్త్వమును 1824లో ఆంగ్ల శాస్త్రజ్ఞుడు హంఫ్రీ డేవీ రాయల్ సొసైటీకి నివేదించెను. యుద్ధనౌకల అడుగున తాపిన రాగిరేకులకు ఇనుప, జింకు ముక్కలను జోడింపగా రాగి చెక్కుచెదరలేదు. అయితే, కరగుచున్న రాగి యొక్క విషమే అంతవరకు గుల్లజీవులను, నాచును దూరముగా నుంచినదగుటచే, ఆ కరగుట ఆగినంతనే అవి దట్టముగా పెరిగి ఓడల వేగమును మందగింపజేసెను. సిద్ధాంతము సత్యమైయుండియు రాగిరేకుల విషయమున ఆ పద్ధతి విడువబడెను. ఇక ఇంజను బిళ్ళ విషయమునకు వచ్చినచో, జింకు ఉప్పునీటికి తగినది కాగా, మంచినీట తిరుగు పడవలకు మెగ్నీషియపు బిళ్ళ శ్రేష్ఠము. పడవ గలవారికి మనవి: బిళ్ళపై రంగు పూయకుడు, సగము అరిగినంతనే మార్పుడు, ఉప్పునీటి ప్రయాణము ముగిసిన ప్రతిసారి ఇంజనులోనికి మంచినీరు పారించి కడుగుడు.