లడఖ్ యాత్రకు వెళ్తున్నారా? ముందుగా ఒక మాట

సెలవులు దగ్గరపడగానే ఈమధ్య చాలా కుటుంబాల్లో లడఖ్ మాట వినబడుతోంది. పిల్లలు ఫోటోలు చూసి ముచ్చటపడతారు. పెద్దలు ఏళ్ల తరబడి దాచిన డబ్బుతో టికెట్లు కొంటారు. ఆరు రోజుల్లో అన్నీ చూసి రావాలని ప్రోగ్రాం వేస్తారు. అసలు ప్రమాదం ఆ తొందరలోనే ఉంది.

ఎత్తుకు వెళ్తే ఏమవుతుంది?

మన సికింద్రాబాద్ సముద్రమట్టానికి సుమారు 540 మీటర్ల ఎత్తున ఉంది. లేహ్ పట్టణం ఎత్తు సుమారు 3,500 మీటర్లు. ఢిల్లీలో విమానం ఎక్కితే గంటన్నరలో అక్కడ దిగుతాము. గాలిలో ఆక్సిజన్ ఎక్కడైనా 21 శాతమే. కాని పైకి వెళ్లేకొద్దీ గాలి ఒత్తిడి తగ్గుతుంది. లేహ్‌లో ఒక్కో శ్వాసకు అందే ఆక్సిజన్, సముద్రతీరంలో అందేదానిలో దాదాపు మూడింట రెండు వంతులే. మన శరీరం దీనికి అలవాటు పడగలదు. అయితే అందుకు గంటలు చాలవు, రోజులు కావాలి.

నిజామాబాద్ జిల్లా పాకాల గ్రామానికి చెందిన మాలావత్ పూర్ణ 2014 మే 25న, 13 ఏళ్ల వయసులో ఎవరెస్టు ఎక్కింది. ముందుగా డార్జిలింగ్‌లో, లడఖ్‌లో శిక్షణ పొందిన తరువాతే ఆ అమ్మాయి అంత ఎత్తుకు వెళ్లింది. వయసు, బలం ఉన్నంత మాత్రాన కొండ ఎవరికీ మినహాయింపు ఇవ్వదు. రోజూ వ్యాయామం చేసే యువకులకు కూడా ఈ జబ్బు వస్తుంది.

ప్రోగ్రాం ఎలా వేసుకోవాలి?

1. విమానంలో వెళ్తే మొదటి రెండు రోజులు లేహ్‌లోనే విశ్రాంతి తీసుకోండి. మెట్లు, కొండలు ఎక్కవద్దు.
2. సుమారు 4,250 మీటర్ల ఎత్తున్న పాంగాంగ్ సరస్సు దగ్గర రాత్రి బసను యాత్ర చివరికి ఉంచండి.
3. 3,000 మీటర్లు దాటాక, నిద్రపోయే చోటు ఎత్తును రోజుకు 500 మీటర్లకు మించి పెంచకపోవడం మంచిది. అంతకంటే పెంచక తప్పకపోతే ముందుగా ఒక రోజు అదనంగా ఆగండి.
4. రోడ్డు మార్గమైతే శ్రీనగర్, కార్గిల్ మీదుగా వెళ్లడం మేలు. ఎత్తు మెల్లగా పెరుగుతుంది.
5. మద్యం, నిద్రమాత్రలు వద్దు. నీళ్లు తగినంత తాగండి.

ముందుగా డాక్టరుకు ఎవరు చూపించుకోవాలి?

గుండెజబ్బు, ఉబ్బసం వంటి ఊపిరితిత్తుల జబ్బులు, అదుపులో లేని బి.పి., సికిల్ సెల్ వ్యాధి ఉన్నవారు, గర్భిణులు టికెట్లు కొనకముందే డాక్టరును కలవాలి. షుగర్ ఉన్నవారు ఇన్సులిన్ గడ్డకట్టకుండా చూసుకోవాలి. ఒకసారి గడ్డకడితే అది పనికిరాదు. ఎసిటజోలమైడ్ అనే మాత్ర ఈ జబ్బును కొంతవరకు నివారిస్తుంది. కాని పక్కింటివారు వాడారని మీరు వాడవద్దు. సల్ఫా మందులు పడనివారు ఆ సంగతి డాక్టరుకు తప్పక చెప్పాలి.

జబ్బును ఎలా గుర్తించాలి?

తలనొప్పి, వికారం, ఆకలి లేకపోవడం, నీరసం, నిద్రపట్టకపోవడం మొదటి గుర్తులు. ఇవి ఉంటే తగ్గేవరకు ఇంకా పైకి వెళ్లవద్దు. కూర్చున్నా ఆయాసం, ఆగని దగ్గు ఉంటే ఊపిరితిత్తుల్లో నీరు చేరుతోందని అనుమానించాలి. తికమకగా మాట్లాడుతున్నా, మడమకు వేలు తగిలేలా అడుగులు వేస్తూ తిన్నగా నడవలేకపోయినా మెదడు వాచిందని అనుమానించాలి. ఈ రెండూ ప్రాణాంతకం. తెల్లవారేదాకా ఆగకుండా, రోగిని వెంటనే కిందికి దించి ఆస్పత్రికి చేర్చండి. లేహ్‌లోనే ఉంటే సోనమ్ నొర్బూ స్మారక ఆస్పత్రికి తీసుకువెళ్లండి. ఆక్సిజన్ ముఖ్యమైన చికిత్స.

ఇంటిల్లిపాదికీ ఒక మాట

చాలామంది తలనొప్పి వచ్చినా బయటికి చెప్పరు. “నా వల్ల అందరి సరదా పాడవుతుంది” అనుకుంటారు. అమ్మలు, తాతయ్యలు మరీ దాస్తారు. అందుకే బయలుదేరకముందే ఇంట్లో అందరూ కూర్చుని ఒక మాట అనుకోండి: ఎవరికి బాగాలేకపోయినా వెంటనే చెప్పాలి, చెప్పినవారిని ఎవరూ విసుక్కోకూడదు. రోజూ ఉదయం, రాత్రి ఒకరినొకరు అడగండి. పోయిన డబ్బు మళ్లీ సంపాదించుకోవచ్చు, చూడని సరస్సును మరో ఏడాది చూడవచ్చు. వెళ్లినవారంతా ఇంటికి తిరిగి రావడమే ముఖ్యం.